ఆయన సాలు అన్నప్పుడల్లా

కోపిష్టి మనిషినని నాకు పేరు. ఉద్యోగం చేసినంత కాలం ఆ పేరు మోశాను. పదవీ విరమణ రోజున శాలువా కప్పుతూ కూడా ఒకాయన నవ్వుతూ అదే మాట అన్నాడు. నిజానికి నాకున్నది కోపం కాదు, కుళ్ళు. కోపమైతే వచ్చిపోతుంది. కుళ్ళు అట్లా కాదు, పొద్దున్నే నాతోపాటు లేచి, పాకాలలో రైలెక్కి, తిరుపతిలో దిగి, నాతోపాటే డ్యూటీలో చేరేది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. సేవాభావం గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. కుళ్ళు గురించి ఎవరూ చెప్పరు. అది కూడా ఉద్యోగంలో భాగమే కాబట్టి నేను చెబుతాను.

నేను నర్సును. ప్రభుత్వాసుపత్రిలో చేసినంత చేసి, చివరి పదేళ్ళకు పైగా తిరుపతి శివార్లలో ఒక పునరావాస కేంద్రంలో నర్సింగ్ ఇన్‌చార్జిగా ఉన్నాను. ఆ కేంద్రానికి బోర్డు మీద పెద్ద పేరే ఉండేది గానీ, ఆటోవాళ్ళ దగ్గర నుంచి అందరూ నడకాసుపత్రి అనేవాళ్ళు. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, పెద్ద ఆపరేషన్ అయ్యాక వెంటనే ఇంటికి పోలేనివాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ముందు వైపు వార్డు, నడక నేర్పే పెద్ద హాలు. వెనక వైపు ఇంకో బ్లాకు. ముందు వార్డులో ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఇంటికి పోతారు. వెనక బ్లాకుకు మార్చినవాళ్ళకు తిండి, మందులు, శుభ్రం అన్నీ వేళకు అందుతాయి, ఆ పూచీ నాది. కానీ అక్కడ నడక మాట ఎవరూ ఎత్తరు. డాక్టరు గారు సోమవారం మీటింగులో "వెనక్కి మార్చేద్దాం" అన్నారంటే ఆ మనిషి ఇక మంచం దిగడని అర్థం. వాళ్ళ ఇంటివాళ్ళకు మేము అంత పచ్చిగా చెప్పేవాళ్ళం కాదు. వాళ్ళే కొన్నాళ్ళకు తెలుసుకునేవాళ్ళు.

మొదటి ఏళ్ళలో ఆ కేంద్రానికి మహారాణిని నేనే. చూడవచ్చినవాళ్ళు "సిస్టరమ్మ యాడుండాది?" అని అడుగుతూ వచ్చేవాళ్ళు. ఇంటికి పోయేవాళ్ళు నాకు చెప్పందే కదిలేవాళ్ళు కాదు. చెనక్కాయలు, చింతపండు, మామిడిపళ్ళు, కనకాంబరాలు, ఏదో ఒకటి నా బల్ల మీద ఉండేది. ఆ తర్వాత ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చేరింది. చిత్తూరు టౌనులో కొట్టు ఉన్నవాళ్ళ ఇంటి పిల్ల. ముప్పై దాటిందో లేదో. చురుకైనది, నవ్వు ముఖం, పని బాగా వచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నేను ఆమెను ప్రేమించి ఉండేదాన్ని.

అందరూ నన్ను సిస్టర్ అంటే ఆ అమ్మాయి మొదటి రోజే అక్కా అంది. అదీ నచ్చలేదు నాకు. కొన్ని నెలల్లోనే "సిస్టరమ్మ యాడ?" అనేవాళ్ళు "ఆ పాప యాడ?" అనడం మొదలుపెట్టారు. ఎవరైనా మొదటిసారి నాలుగు అడుగులు వేస్తే బంధువులంతా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవాళ్ళు. వీడియోలో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉంటుంది. అది ఊరంతా తిరుగుతుంది. నేను మాత్ర మింగిస్తుంటే ఎవరు వీడియో తీస్తారు? మింగినాయన కూడా మొహం చిట్లిస్తాడు. నా బల్ల మీద కనకాంబరాలు ఆగిపోయాయి. హాలులో ఆమె కిటికీ దగ్గర ఏదో ఒక పూలపొట్లం ఎప్పుడూ కనిపించేది, ఆ పిల్ల పూలు పెట్టుకోదు కూడా.

ఇట్లా ఉండగా సత్యవేడు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. సేద్యం మనిషి, కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. అట్లా మాట పోయినవాళ్ళకు ఒక్కోసారి ఒకటో రెండో మాటలు మిగులుతాయి. ఒకాయనకు బూతు మిగిలింది, ఇంకొకామెకు కూతురి పేరు. ఈ పెద్దాయనకు మిగిలింది సాలు అన్న మాట ఒక్కటే.

మా జిల్లాలో చేనును సేను అంటాం, చూడును సూడు అంటాం. చాలు అనేది మా నోట్లో సాలు అవుతుంది. కాబట్టి ఆయన చాలు అంటున్నాడని అందరికీ తెలిసిపోయింది. అందులో విడమర్చుకోవాల్సింది ఏముంది? నొప్పి పుట్టే చోట, అలసట పుట్టే చోట మేము రోజుకు వందసార్లు వినే మాటే అది.

మొదటి కొన్ని వారాలు బాగానే కోలుకున్నాడు. లేచి నిలబడ్డాడు. రెండు వైపులా పట్టుకునే కడ్డీల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కడ్డీలు వదిలి ఎడమచేత్తో కర్ర పట్టుకుని ఖాళీ హాలులోకి వచ్చినప్పుడు. నాలుగైదు అడుగులు వేస్తాడు, కుడివైపుకు ఒరుగుతాడు, నిలబడిపోయి కిందికి చూసి "సాలు, సాలు" అంటాడు.

ఆ అమ్మాయి వెంటనే కుర్చీ జరిపేది. "సాలా పెద్దాయనా? సరే, కూసో. రొంతసేపు ఆగి మళ్ళా నడుద్దాం" అనేది. ఆయన కూర్చుని ఎడమచేత్తో కుర్చీ చెయ్యిని దభీదభీమని కొట్టేవాడు. అలసిపోయి విసుగు పడుతున్నాడని ఆమె ఇంకా మెత్తగా మాట్లాడేది. మరునాడు మళ్ళీ అంతే. రెండు వారాలైనా ఆ నాలుగైదు అడుగులు ఆరు కాలేదు. ఆయన మనసు నడక మీద లేదని హాలులో అందరూ అనుకోసాగారు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పెద్దాయన నడవనందుకు కాదు, దేవుడి సాక్షిగా కాదు. ఆ అమ్మాయి చేతిలో ఒక పని కాకుండా పోతున్నందుకు. నడకకు ముందూ తర్వాతా పక్షవాతం రోగులకు బీపీ చూడాలి. చిన్న నర్సులు చూసే పని అది. "ఈయనకు నేను చూస్తాలే" అని నేనే పోవడం మొదలుపెట్టాను. యంత్రం పట్టుకుని హాలు తలుపు దగ్గర నిలబడి, ఆమె ఎక్కడ తప్పు చేస్తోందా అని చూసేదాన్ని. కుళ్ళుతో చూసే కన్ను ఎంత నిశితంగా ఉంటుందో మీకు తెలియదు. ఆమె ఏ కాలు ముందు పెట్టించింది, ఏ చెయ్యి వదిలింది, ఎప్పుడు గోడ గడియారం వైపు చూసింది, అన్నీ నాకు కనబడేవి.

మూడో రోజో నాలుగో రోజో నాకు ఒకటి దొరికింది. ఆయన సాలు అని కూర్చున్న వెంటనే నాడి చూశాను. కూర్చుని కబుర్లు చెబుతున్న మనిషి నాడిలాగా ఉంది. చెమట లేదు. ఆయాసం లేదు. అంటే ఈ మనిషి అలసిపోలేదు. అలసిపోకుండా చాలు ఎందుకంటున్నాడు? అనడం మొదలుపెట్టగానే ఆ అమ్మాయి కుర్చీ వేస్తోంది కాబట్టి అలవాటు పడ్డాడు, గారాబం చేసి చెడగొడుతోంది, అని తేల్చుకున్నాను. ఆ మధ్యాహ్నం నాకు అన్నం బాగా సహించింది.

కానీ పెద్దాయనకు గుడ్డలు మార్చేది, అన్నం తినిపించేది మా నర్సింగ్ వాళ్ళే. గొంతులో అడ్డం పడకుండా మెత్తగా కలిపి చిన్న చెంచాతో పెట్టాలి. ఆ సాయంత్రం నేనే పెడుతూ ఉంటే ఆయన ఎడమచెయ్యి తెచ్చి గిన్నె మీద అడ్డంగా పెట్టాడు. ఇంక వద్దని అర్థం. రోజూ అట్లానే పెడతాడు. ఉన్నట్టుండి నాకు తోచింది, ఇక్కడ ఈయన సాలు అని ఒక్కసారి కూడా అనలేదు. నోట్లో ఉన్న ఒకే ఒక్క మాట చాలు అయినప్పుడు, ఆ మాటకు సరైన చోటు అన్నం గిన్నె కదా? అక్కడ చెయ్యి అడ్డం పెడతాడు, హాలులో మాత్రం నోరు తెరుస్తాడు. మా నర్సులకు అన్నం సంగతి తెలుసు. ఫిజియో వాళ్ళకు హాలు సంగతి తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు, ఎందుకంటే ఆ పక్కవాళ్ళకూ ఈ పక్కవాళ్ళకూ పలకరింపులే తక్కువ. తక్కువ కావడానికి కారణం ఎక్కువగా నేనే అనుకోండి.

ఈలోపు మాట పుట్టింది. ముందుకు పోవడం లేదు కాబట్టి వచ్చే సోమవారం మీటింగులో పెద్దాయనను వెనక బ్లాకుకు మార్చే విషయం తేలుస్తారని తెలిసింది.

ఆయన భార్య ఆయనతోనే ఉండేది. సన్నటి మనిషి, శ్రీకాళహస్తి వైపు పుట్టిల్లు. వార్డులో ఉండనిచ్చేవాళ్ళం గానీ నడక హాలులోకి బంధువులను రానిచ్చేవాళ్ళం కాదు. అయ్యో అయ్యో అని పట్టుకుంటారు, నడవనివ్వరు అని మా నియమం. ఆదివారం హాలు మూసి ఉంటుంది. ఆ రోజు ఆమె వరండాలో కూర్చుని ఆయన పంచెలు మడత పెడుతుంటే పక్కన కూర్చున్నాను.

"ఏమ్మా, మీ ఆయన ఇంట్లో గూడా సాలు, సాలు అని అంటా ఉండెనా?" అని అడిగాను.

ఆమె చేతులు ఆగాయి. "సాలు అంటాడా? ఎప్పుడు మా?"

"నడిసేటప్పుడు. నాలుగడుగులు ఏస్తానే సాలంటాడు, ఆ పాప కూసోబెడతాది."

"ఆయనా? సాలనా? మా ఇంటాయన సాలు అనడు మా. దానికి అరవంలో పోదుం అంటాడు. మా అత్త అరవ దేశం మనిసి గదా. సిన్నప్పటి నించి బువ్వ కాడ అయినా, నీళ్ళ కాడ అయినా పోదుం అనే అలవాటు. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో, వడ్డిస్తా ఉంటే పోదుం అన్నాడు. పోదాం అంటా ఉండాడనుకోని, ఇంత పొద్దుగూకి యాడికి పోయేదని కొంగు సర్దుకోని లేసి నిలబడినాను. మా అత్త ఒకటే నవ్వు." ఆమె కూడా నవ్వింది. వచ్చిన తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

నేను నవ్వలేదు. "మరి సాలు అంటే ఏంది మీ ఇంట్లో?"

"సాలంటే సాలే. మడక సాలు. ట్రాక్టర్లు వచ్చినంక గూడా సెనక్కాయ ఇత్తేదానికి ఆయన మడకే కట్టేటోడు. ఎద్దు పక్కకు ఈడిస్తే సాలు, సాలు అని అరిసేటోడు. అది టక్కున దోవలోకి వచ్చేది."

చదువుకున్న పిల్లల కోసం చెబుతున్నాను. మడక అంటే నాగలి. నాగలి భూమిని చీల్చుకుంటూ పోయిన గీతను పుస్తకంలో చాలు అని రాస్తారు, మా జిల్లాలో అదీ సాలే. పాకాల పక్క పల్లెలో సేద్యగాళ్ళ ఇంట్లోనే పుట్టాను నేను. మా నాయన దున్నుతుంటే సద్ది తీసుకుపోయి గట్టు మీద కూర్చుని వేలసార్లు విన్న మాట. తెల్లబట్టలు వేసుకుని ఆసుపత్రిలో అడుగు పెడితే చెవులు కూడా మారిపోతాయి కాబోలు. ఎద్దుకు అర్థమైన మాట మా అందరిలో ఒక్కరికీ అర్థం కాలేదు.

ఆయన చాలు అనలేదు. సాలు తప్పుతున్నాను అన్నాడు. ఆ హాలు నేల అంతా ఒకే తెల్లటి నున్నటి రాయి, గీత లేదు, గుర్తు లేదు. కడ్డీల మధ్య ఉన్నంతసేపు దోవ ఉంది. బయటికి రాగానే ఒళ్ళు కుడికి ఒరుగుతోంది, ఏది తిన్ననో తెలియడం లేదు. సాలు ఏదని అడుగుతున్నాడు. మేము ప్రేమగా కుర్చీ వేస్తున్నాము. కుర్చీని ఆయన ఎందుకు బాదేవాడో అప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఆదివారం సాయంత్రమే చెప్పొచ్చు. చెప్పలేదు. సోమవారం మీటింగులో, డాక్టరు గారి ముందు, అందరి ముందు చెప్పాలనుకున్నాను. చెప్పినప్పుడు ఆమె ముఖం ఎట్లా మారుతుందో చూడాలనుకున్నాను. రైల్లో పాకాల దాకా ఆ మాటలే కూర్చుకున్నాను, ఏది ముందు ఏది వెనక అని.

సోమవారం వచ్చింది. డాక్టరు గారు కోస్తా మనిషి, మెత్తటివాడు, కానీ మంచాల లెక్క ఆయనకూ ఉంటుంది. "సత్యవేడు పెద్దాయన సంగతి ఏం చేద్దాం?" అన్నారు. నేను గొంతు సవరించుకునే లోపలే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"నా వల్ల కాలేదు సార్. ఆయన సాలు అంటా ఉంటే ఈడ్సేదానికి నాకు సేతులు రావడం లేదు. వెనక బ్లాకుకు మార్సేయండి. ఆయన తప్పు కాదు, నాకే తెలీలేదు ఎట్ల నడిపించాల్నో" అంది. ఎవరి మీదా నెట్టలేదు, సాకు చెప్పలేదు.

నేను దెబ్బ కొట్టడానికి చెయ్యెత్తేసరికి ఆ మనిషి తనే కూలబడిపోయింది. అంత కష్టపడి కూర్చుకున్న మాటలన్నీ దండగైపోయాయి. ఆ కచ్చకొద్దీ పెద్దగా అన్నాను. "ఆయన చాలని అనడం లేదు సార్."

వరండాలో విన్నదంతా చెప్పాను. పోదుం సంగతి, ఎద్దు సంగతి, అన్నం గిన్నె మీద చెయ్యి సంగతి. డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక్క మాటను పట్టుకుని ఇంత దూరం ఆలోచించారా సిస్టర్?" అన్నారు. పొగిడారో ఎగతాళి చేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆలోచించింది తప్పయితే ఈ రోజే వెనక్కి మార్చండి. నేనే మంచం సిద్ధం చేస్తాను. ఒక్కసారి హాలులోకి రండి" అన్నాను.

నా ట్రాలీలో కట్లు కట్టే గోధుమరంగు ప్లాస్టర్ చుట్టలు ఉంటాయి. హాలు ఈ చివర నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. నేను పిలవకుండానే ఆ అమ్మాయి ఆ చివర కూర్చుని అంచు పట్టుకుంది. మధ్యలో మనిషి నడిచేంత జాగా వదిలి, పొడుగునా రెండు గీతలు అంటించాం. లేచేటప్పుడు నా మోకాళ్ళు పటుక్కుమన్నాయి. నేనే తలుపు తీసి పెద్దాయన భార్యను లోపలికి పిలిచాను. నియమం గురించి ఎవరో ఏదో అనబోయి నా ముఖం చూసి ఊరుకున్నారు.

పెద్దాయనను గీతల మొదట్లో నిలబెట్టి చేతికి కర్ర ఇచ్చాం. ఆయన ముందుకు చూడలేదు. నేలను చూశాడు. ఎంతసేపు చూశాడంటే డాక్టరు గారు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారారు. అప్పుడు భార్య వెనక నుంచి గట్టిగా అంది.

"ఏం సూస్తా ఉండావు? అదే నీ సాలు. నడువు!"

కర్రను ఆయన మడక మేడి పట్టినట్టు ముందుకు వంచి పట్టుకున్నాడు. మేము ఎన్నడూ అట్లా నేర్పలేదు, నేర్పకూడదు కూడా. కదిలాడు. నాలుగు అడుగులు, ఐదు. ఒళ్ళు కుడికి ఒరిగింది. "సాలు" అన్నాడు. ఆ అమ్మాయి చెయ్యి అలవాటు కొద్దీ కుర్చీ మీదికి పోయింది. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను, గట్టిగానే పట్టుకున్నాను. పెద్దాయన నిలబడ్డాడు. కింద గీత చూసుకున్నాడు. కుడిపాదం గీత దాటి ఉంది. తుంటి నుంచి ఎత్తి, ఈడ్చి, దాన్ని లోపలికి తెచ్చుకున్నాడు. మళ్ళీ కదిలాడు. అట్లా హాలు ఆ చివరి దాకా పోయాడు. ఎన్నిసార్లు సాలు అన్నాడో, అన్నిసార్లూ పాదం లోపలికి వచ్చింది. మాతో కాదు ఆయన మాట్లాడుతున్నది, తన కాలితో.

చివర ఆ అమ్మాయి ఎదురుపోయి, కళ్ళు తుడుచుకుంటూ, పాత అలవాటు వదలక అడిగింది. "సాలా పెద్దాయనా?"

ఆయన కర్ర ఎత్తి గీతల పక్కన ఖాళీ నేలను చూపించాడు. "సాలు" అన్నాడు.

ఒక సాలు అయిపోయింది కదా, పక్కన ఇంకొకటి కావాలంటున్నాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. డాక్టరు గారు "వేయండి, వేయండి" అంటూ తనే ప్లాస్టర్ చుట్ట అందుకున్నారు. వెనక బ్లాకు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయితే ఏం జరిగిందో వినండి. రెండో సాలు చివర పెద్దాయన మంచి చెయ్యి ఎత్తి ఆ అమ్మాయి తల మీద పెట్టాడు. దీవించాడు. నేను పక్కనే ఉన్నాను, ప్లాస్టర్ ముక్కలు ఏరుకుంటూ. వారం తిరిగేసరికి "ఫిజియో మేడం మడక సాలు గీసి నడిపించినాదంట" అని వార్డంతా, ఆటోస్టాండంతా తెలిసింది. చూడ్డానికి వచ్చిన వేరే ఆసుపత్రి డాక్టర్లకు మా డాక్టరు గారు ఆ గీతలు చూపిస్తూ ఆమెను పరిచయం చేశారు. మాట పట్టుకున్నది నేను, ప్లాస్టర్ నాది, మోకాళ్ళు నావి, పేరు ఆమెది. పోనీ ఆ పిల్ల ఏమైనా కాజేసిందా అంటే అదీ లేదు. ప్రతివాళ్ళకూ "నేను కాదు, అక్క కనిపెట్టినాది" అని చెప్పేది. వినేవాళ్ళు ఎంత వినయమో అని ఆమెను ఇంకా మెచ్చుకునేవాళ్ళు. ఒక్క అబద్ధం ఆడి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ సుఖం కూడా లేకుండా చేసింది.

ఒకరోజు క్యాంటీనులో టీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. "అక్కా, రోజూ నేనే గదా ఆయనతో ఉండేది. నాకు తట్టలేదు, నీకెట్ల తట్టినాది?"

నేను దాచలేదు. "నీ తప్పు పట్టుకుందామని దినామూ తలుపు కాడ నిలబడి సూస్తా ఉన్నాను. అందుకే తట్టినాది."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. లేచిపోతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా, చెప్పకేం, కొంచెం ఆశ పడ్డాను. ఆమె "అయితే రేపు గూడా రా అక్కా. ఆ తుంటి విరిగిన అవ్వ కాడ నేను యాడో తప్పు సేస్తా ఉండాను. ఏందో తెలీడం లేదు. నువ్వట్లనే సూడు" అంది.

ఆ మాట అనగలిగినందుకు కూడా నాకు ఆమె మీద కుళ్ళు పుట్టింది. నాకు ఎవరైనా అట్లా చెప్పి ఉంటే నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు. అయినా మరునాడు పోయాను. తర్వాత రోజూ పోయాను. ఆమె కూడా భోజనాల వేళ వార్డులోకి వచ్చి ఎవరు ఏ చేత్తో తింటున్నారు, ఎవరు ఏ వైపు తిరిగి పడుకుంటున్నారు అని చూసిపోయేది. హాలులోకి ఇంటివాళ్ళను రానివ్వడం కూడా అప్పుడే మొదలైంది. మా ఇద్దరి మధ్య స్నేహం పుట్టిందని మాత్రం అనుకోకండి. పని జరిగింది.

పెద్దాయన ఇంటికి పోయే రోజు వచ్చింది. ఆ రోజు నేను మంచి ఇస్త్రీ బట్టలు వేసుకున్నాను. గుమ్మం దగ్గర ముందు వరసలో నిలబడ్డాను, ఈసారైనా కళ్ళకు ఆనాలని. ఆయన హాలు నుంచి కర్ర పట్టుకుని నడిచే వచ్చాడు, గీతలు లేని నేల మీద. బంధువులు ఫోన్లు ఎత్తారు. ఆ అమ్మాయి ముందు ఆగాడు. కర్రను, తీసుకుపోవడానికి వచ్చిన కొడుకు చేతికిచ్చి, ఎడమచేత్తో కుడిచేతిని పైకి తెచ్చి దణ్ణం పెట్టాడు. ముఖమంతా నవ్వు. తర్వాత కర్ర అందుకుని నా ముందుకు వచ్చాడు. తల దించుకున్నాడు. అట్లాగే దాటిపోయి బెంచీ మీద కూర్చున్నాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఇన్ని నెలలు ఈ మనిషి నా ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. ఏం తక్కువ చేశాను ఈయనకు? ఆ పిల్లకు దణ్ణమూ దీవెనా, నాకు కనీసం కనుచూపు లేదా? లోపలికి పోదామని వెనక్కి తిరిగితే భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మందుల గది పక్కకు లాక్కుపోయింది.

"ఏమనుకోవద్దు మా. ఆయన నీ మొకం సూడలేడు" అంది.

"యాల? నేనేం సేసినాను?"

"అన్నీ సేసినావు. అదే." ఆమె గొంతు తగ్గించింది. "గుడ్డలు మార్సినావు. దొడ్డికి పోతే కడిగినావు. కట్టుకున్నదాన్ని, నన్నే సెయ్యనిచ్చేటోడు కాదు, సిగ్గుతో సచ్చిపోయేటోడు. నీకాడ తప్పలేదు ఆయనకు. ఆ పాప ఆయన నిలబడింది సూసినాది. నువ్వు పడుండేది సూసినావు. నీ కాల్లోకి ముల్లు దిగితే ఆయన పంటితో తీస్తాడు మా, కానీ కండ్లెత్తి సూసేది ఆయన వల్ల కాదు."

ఆమె నా చెయ్యి వదలకుండా, అడగలేక అడిగింది.

"ఈ పొద్దు తన కాళ్ళతో నడిసి పోతా ఉండాడు గదా. కారు ఎక్కేదాకా నువ్వు రవ్వంత పక్కకు ఉండు మా. మొగోడి మాదిరి పోనీ."

ఆమె వెళ్ళిపోయింది. నేను మందుల గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేశాను. బయట కర్ర చప్పుడు మొదలైంది. మెట్ల దగ్గర ఆగింది, ఒక్కో మెట్టూ దిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి గొంతు వరండాలో వినిపించింది.

"అక్కా, యాడుండావు? పెద్దాయన పోతా ఉండాడు, రా!"

నేను లోపలి నుంచి గడియ పెట్టుకున్నాను.